పట్వారీ పోయిండు, దస్త్రం ఇంట్లనే ఉన్నది

(స్థానిక సంస్థలపై విద్యార్థులు, ఉద్యోగులు పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



వారసత్వ రాజకీయాలనంగనే మనకు హైదరాబాదు, ఢిల్లీ యాదికొస్తయి. ముఖ్యమంత్రుల కొడుకులు, కేంద్రమంత్రుల బిడ్డలు. వాళ్ల గురించి టీవీలల్ల రోజూ మాట్లాడుతనే ఉన్నరు. నేను ఇయ్యాల చెప్పేది మన వాడకట్టు ముచ్చట. చిన్న పట్నంల కౌన్సిలర్ కుర్సీ మొగని నుంచి పెండ్లానికి, అక్కడినుంచి కొడుక్కు ఎట్ల పోతదన్న ముచ్చట.

మన పల్లెకు వారసత్వం కొత్తది కాదు. నిజాం కాలం నుంచి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ కొలువులన్నీ వతన్లే. తండ్రి పోతే కొడుకు కూసునేటోడు. పహాణీ ఎవరింట్ల ఉంటే ఊరు వాళ్ల గుప్పిట్ల ఉండేది. 1980ల నడుమ ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ కొలువులను రద్దు చేసింది. కొలువులైతే పోయినయి. సర్కారు కాగితం కోసం ఒకరి ఇంటి అరుగు కాడ నిలబడే అలవాటు మాత్రం పోలేదు.

పంచాయతీలు కూడా కొత్తవేం కావు. 1959 అక్టోబర్ల నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీ సమితిని ప్రారంభించిండు. 1992ల 73, 74 రాజ్యాంగ సవరణలు వచ్చినయి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు సీట్లు రిజర్వయినయి. మహిళలకు మొదలు మూడో వంతు, ఆ తరువాత మన దగ్గర సగం. రొటేషన్ల పెద్దిండ్ల పట్టు సడలుతదనుకున్నం. కొంత సడలింది, కాదనను. కానీ చట్టాన్ని మనకంటే ముందు చదివింది ఆ పెద్దిండ్లే.

లెక్క చూడుండ్రి. చిన్న మున్సిపాలిటీల వార్డుకు వెయ్యి, పదిహేను వందల ఓట్లుంటయి. నలుగురు నిలబడితే నాలుగైదు వందల ఓట్లొచ్చినోడు గెలుస్తడు. గా నాలుగు వందల ఓట్లు పార్టీ జెండాతోని రావు, పెండ్లిపత్రికతోని వస్తయి. పెద్దింట్ల లగ్గమైతే పత్రికలు పంచిన ఇండ్ల లిస్టు ఉంటది. ఎలక్షన్ల ఓటర్ల జాబితాను దాని పక్కన పెట్టుకునే కూసుంటరు. బామ్మర్ది ఏ గల్లీల, వియ్యంకుని అన్నదమ్ములు ఏ గల్లీల, మేనబావకు ఫైనాన్స్ బాకీ ఉన్నోళ్లెవరు, అన్నీ టిక్కు పెట్టుకుంటరు. ఆ లిస్టుల లేనోని కాడికి చివరి రాత్రి కవరు పోతది. కొత్తగా నిలబడే డిగ్రీ పోరగానికి ఆ లిస్టు ఎక్కడిది? వాని చేతిల కరపత్రమే ఉంటది.

ఇంకో తెలివి చెప్త. అన్న ఒక పార్టీల, తమ్ముడు ఇంకో పార్టీల ఉంటడు. కార్యకర్తలు తలలు పలగ్గొట్టుకుని పోలీస్ స్టేషన్ల పడతరు. అన్నదమ్ములు దసరా పండుగనాడు ఒక్క బంతిల కూసోని తింటరు. సర్కారు ఎటు మారినా కాంట్రాక్టు ఆ ఇల్లు దాటి పోదు. మొరం పని ఒకరి పేరు మీద, సీసీ రోడ్డు ఇంకొకరి పేరు మీద. ఫ్లెక్సీల మీద తాత ఫోటో, తండ్రి ఫోటో, కింద ఇంటర్ తప్పిన కొడుకు 'యువనేత'.

రిజర్వేషన్ మహిళకు వచ్చిందనుకోండి, భార్యను నిలబెడతరు. ఎస్సీకి వచ్చిందా, తమ దగ్గర పనిచేసేటోన్ని నిలబెట్టి తాము ఉపసర్పంచ్ అయితరు. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టింది. అప్పటి సంది ఉపసర్పంచ్ పదవికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఎందుకో నేను విడమరచి చెప్పాల్నా?

మున్సిపాలిటీల చైర్‌పర్సన్‌ను మనం నేరుగా ఎన్నుకునేది లేదు. 2014లగానీ, 2020లగానీ ఎన్నుకున్నది కౌన్సిలర్లే. దానిమీద ఎమ్మెల్యేల, ఎంపీల, ఎమ్మెల్సీల ఎక్స్ అఫీషియో ఓట్లు. 2020 జనవరిల నేరేడుచర్లల ఆ ఓట్ల మీద ఎంత లొల్లి అయిందో పేపర్లల్ల చదివిన్రు. పైనుంచి ఆశీర్వాదం, కింద సుట్టరికం, రెండూ ఉన్నోళ్లకే కుర్సీ.

'సర్పంచ్ పతి' సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023ల కోర్టు చెప్పినంక పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ కమిటీ వేసింది. 2025ల బయటికొచ్చిన ఆ కమిటీ నివేదిక, భార్య పేరు మీద పెత్తనం చేసే మొగోళ్లకు గట్టి శిక్షలుండాలన్నది. మంచిదే. కానీ ఇంట్లనుంచి వచ్చిన ఆడమనిషి అనంగనే బొమ్మ అని తేల్చొద్దు. కర్నూలు జిల్లా కాల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమా బీ మన ప్రాంతం ఆమె కాదు, అయినా చెప్పుకోవాలె. చదువు లేదు, ఊళ్లె ఆడోళ్లను పొదుపు సంఘాలల్ల కూడగట్టింది. 1998ల ఐక్యరాజ్యసమితి అవార్డు తీసుకున్నది. కుర్సీ ఎవరి ద్వారా వచ్చిందన్నది ఒక ప్రశ్నయితే, సంతకం ఎవరు పెడుతున్నరన్నది దానికంటే పెద్ద ప్రశ్న.

ఇక్కడ ఉద్యోగ మిత్రులు చాలామంది ఉన్నరు, కోపం చేసుకోకుండ్రి. మినిట్స్ పుస్తకం సర్పంచమ్మ ఇంటికి పోతే మొగడు సంతకం పెడతడు. ఆ పుస్తకాన్ని ఇంటికి మోసుకపోయేది ఎవరు? మీటింగుల ఆమె కుర్సీ పక్కన మొగనికి కుర్సీ ఏసేది ఎవరు? బిల్లు పాస్ చేసేటప్పుడు "సార్ చెప్పిండు" అంటే ఆ సార్ ఎవరని అడగనిది ఎవరు? పెద్దిల్లు ఒక్కతే వారసత్వాన్ని నిలబెట్టలేదు, దానికి ఆఫీసు తోడుండాలె. పింఛన్ దరఖాస్తుకు, ఇంటి నంబరుకు, నల్లా కనెక్షన్‌కు కౌంటర్ల పని అయితే జనం ఆ ఇంటి అరుగు ఎందుకెక్కుతరు? అరుగెక్కినోడే రేపు ఓటేస్తడు. వాళ్లకు తరతరాలుగ దక్కే ఆస్తి గిదే.

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక పని. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలుండాలె. యువకులది, మహిళలది, వృద్ధులది, ప్రముఖులది. ఒక్కోదాంట్ల 15 మంది, అంటే వార్డుకు 60 మంది. మీ వార్డుల వాళ్లెవరో మీకు తెలుసా? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. పేర్ల పట్టిక వచ్చినంక ఊరి పెద్దమనుషుల దగ్గర కూసోని, ఒక్కో పేరు పక్కన కౌన్సిలర్‌కు ఏమైతరో రాయుండ్రి. బామ్మర్దా, అల్లుడా, మేనత్త కొడుకా. ఏమీ కానోళ్లు ఎంతమంది మిగులుతరో లెక్కపెట్టి ఆ కాగితం మాకు పంపుండ్రి.