ఏరు దాటే ముందు
(నోయిడాలో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



సెప్టెంబరులో ఆరు బండ్లలో 22 మందిమి స్పితి లోయకు వెళ్లాలని అనుకుంటున్నాం. చంద్రతాల్ దగ్గర ఒక రాత్రి గుడారాల్లో గడుపుతాం. ఆ సరస్సు అందం గురించి మీరే యూట్యూబ్ చూసి నాకు చెబుతున్నారు. కాబట్టి నేను దారిలో వచ్చే నీళ్ల గురించి మాట్లాడతాను.

మనాలి మీదుగా వెళ్తే చంద్రతాల్ దగ్గరే. కానీ 2,000 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కరోజులో 4,250 మీటర్లకు ఎక్కితే చాలామందికి తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. అందుకే సిమ్లా వైపు నుంచి వెళ్లి, నార్కండ, కల్ప, తాబోల్లో ఒక్కో రాత్రి, కాజాలో రెండు రాత్రులు ఆగుతూ మెల్లగా ఎక్కుతాం. కాజాలో ట్యాంకులు నింపుకోవాలి. చంద్రతాల్ రామ్‌సర్ గుర్తింపు ఉన్న చిత్తడి నేల కనుక సరస్సు ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, కొంత ఇవతలే ఉంటాం. మర్నాడు బాతల్, గ్రాంఫూ మీదుగా మనాలి వైపు దిగుతాం.

బాతల్, గ్రాంఫూల మధ్య ఉన్నదాన్ని మర్యాద కోసం రోడ్డు అంటున్నాం. మంచు కరిగిన నాలాలు దాని మీదుగానే పారుతుంటాయి. తెల్లవారుజామున నీళ్లు తక్కువగా ఉంటాయి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నానికి అదే నాలా మరో నాలా అవుతుంది. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు.

"మాది పెద్ద బండి, ఏం కాదు" అనేవారి కోసం చిన్న లెక్క. బండి పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు అనుకుందాం. నీళ్లు బండి అడుగుభాగం కంటే 30 సెంటీమీటర్లు పైకి వస్తే, అది పక్కకు నెట్టే నీరు సుమారు రెండు ఘనపు మీటర్లు, అంటే రెండు టన్నులు. మన బండి బరువు కూడా రెండు టన్నులకు అటూ ఇటూ. లోపలికి నీళ్లు చేరేలోపే టైర్లు నేల మీద పట్టు కోల్పోతాయి. ప్రవాహం వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన లోతు పరిమితి చూసుకుని పారే నీళ్లలో దిగకూడదు.

నీళ్ల ముందు బరువూ అనుభవమూ ఒక్కోసారి చాలవు. 2024 జూన్‌లో లద్దాఖ్‌లోని ష్యోక్ నది దాటుతుండగా నీటిమట్టం హఠాత్తుగా పెరిగి, టీ-72 ట్యాంకులో ఉన్న ఐదుగురు సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వారు. అది 40 టన్నుల ట్యాంకు, శిక్షణ పొందిన మనుషులు. 2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మనలో ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజు నీళ్లు వచ్చింది వానతో కాదు, ఎగువన లార్జి డ్యామ్ నుంచి. కంటికి కనిపించే నీళ్లతో పాటు పైనుంచి రాబోయే నీళ్లనూ లెక్కలో వేసుకోవాలి.

నదిలో దిగితేగానీ లోతు తెలియదంటారు. మనం దిగకముందే తెలుసుకోవాలి. మొదట బండి ఆపి, స్థానిక డ్రైవర్లు ఎక్కడ దాటుతున్నారో చూద్దాం. మనిషి నడవడానికి జంకే నీళ్లలో బండి దించం. ఒకసారి ఒకే బండి. అద్దాలు దించి, తాడు ముందే కట్టి, లో గేరులో నెమ్మదిగా, మధ్యలో గేరు మార్చకుండా, ఆగకుండా వెళ్లాలి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే ఇంజన్ విరుగుతుంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత మన బృందంలో చెల్లదు. ముందు దాటిన బండి, చివరి బండి ఒడ్డెక్కేదాకా అక్కడే నిలబడాలి.

ఇక అసలు విషయం. మొన్న ఒక సహోద్యోగి భార్య నన్ను అడిగారు: "మా ఆయన వెనక్కి తిరిగే మనిషి కాదండీ. పైగా ముందు బండిలో వాళ్ల మేనేజర్ గారు. ఎవరు వద్దంటారు?" ఆవిడ పట్టుకున్నది నీళ్లకన్నా పెద్ద ప్రమాదాన్ని. పై అధికారి దాటాక కింది ఉద్యోగి ఆగడం కష్టం. అందుకే హోదాలు ఢిల్లీలోనే వదిలేద్దాం. మన స్ట్రాంగ్ రూమ్ ఒక్క తాళంచెవితో తెరుచుకోదు. అలాగే బండిలో ఉన్న ప్రతి ఒక్కరి చేతిలో ఒక తాళంచెవి ఉందనుకోండి. అత్తగారు గానీ, పదేళ్ల పాప గానీ "భయంగా ఉంది, వద్దు" అంటే ఆ బండి దిగదు. ఒక బండి ఆగితే ఆరూ ఆగుతాయి. కారణం చెప్పమని ఎవరూ అడగరు, తర్వాత ఎవరూ ఎగతాళి చేయరు.

రెండో ప్రమాదం సెలవు. మన దారిలో నాలాలు దాటేది తిరుగు ప్రయాణంలో. "రేపు డ్యూటీలో చేరాలి" అన్న ఒక్క మాట మనిషిని మధ్యాహ్నం మూడింటికి నీళ్లలోకి దించుతుంది. 2023 జూలైలో మంచు కురిసి చంద్రతాల్‌లో సుమారు 300 మంది పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకున్నారు. కాబట్టి రెండు రోజుల సెలవు అదనంగా, ముందే మంజూరు చేయించుకున్నవారే రావాలి. ఆ రెండు రోజులే మనం కొనే అన్ని సామాన్లకన్నా విలువైనవి. దాటలేకపోతే కాజాకు తిరిగి వెళ్లి, వచ్చిన దారినే ఇంటికొస్తాం.

గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవారు, చిన్నపిల్లల తల్లిదండ్రులు డాక్టర్‌ని అడిగాకే పేరు ఇవ్వండి. మిగతావారు కూడా ఈ రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా మానేయండి. ఏటి దగ్గర పనికొచ్చే అలవాటు ఇంటి దగ్గరే మొదలుకావాలి. బుధవారం దాకా పేర్లు తీసుకుంటాను.