కొండ ముక్కు వెనక నీళ్ల సుడి



ఈ రోజు సముద్రం గురించి మాట్లాడుకుందాం. విశాఖలో పుట్టినవాళ్లకి సముద్రం గురించి ఒకరు చెప్పాలా అని నవ్వుకుంటున్నారా? నవ్వండి. చేపల బుట్ట ఎత్తే అక్కలకి నాకన్నా ఎక్కువే తెలుసు. నేను అడిగేది ఒక్కటే. కొండ అడ్డం వస్తే నీరు ఏం చేస్తుంది?

ముందు కాలవ దగ్గరికి పోదాం. పారే నీటిలో పెద్ద రాయి ఉంది. గుప్పెడు ఊక చల్లండి. రాయి పక్క నుంచి ఊక జోరుగా పోతుంది. కొంత ఊక మాత్రం రాయి వెనక్కి మళ్లుతుంది. అక్కడే గిరగిరా తిరుగుతుంది. అదే సుడి. ఎందుకు తిరుగుతుంది? రాయి పక్కన నీరు వేగంగా పోతోంది. రాయి వెనక నీరు నిలిచి ఉంది. పోయే నీరు, నిలిచిన నీటిని కొంచెం కొంచెంగా తనతో లాక్కుపోతుంది. ఆ ఖాళీ నిండాలి కదా. అందుకు కొంత నీరు వెనక్కి వస్తుంది. పోయే నీరు, వచ్చే నీరు కలిసి చక్రంలా తిరుగుతాయి.

సముద్రంలో రాయి బదులు కొండ ఉంటుంది. మన ఊరికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది. నోస్ అంటే ముక్కు. నిజంగానే ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చింది. ఇలాంటి ముక్కుల వెనకే సుడులు పుడతాయి.

సముద్రంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఆరు గంటలకి పైచిలుకు నీరు ఎక్కుతుంది. మళ్లీ అంతసేపు దిగుతుంది. నీరు ఎక్కేటప్పుడు ఒక వైపు పారితే, దిగేటప్పుడు రెండో వైపు పారుతుంది. కాబట్టి సుడి కూడా కొండకి ఒకసారి ఇటు, ఒకసారి అటు పుడుతుంది. ఇంగ్లండులో పోర్ట్‌లండ్ బిల్ అనే కొండ ముక్కు ఉంది. అక్కడ పోటుపాట్ల ఉరవడి చాలా ఎక్కువ. ఆ ముక్కుకి తూర్పున నీటి అడుగున పెద్ద ఇసుక దిబ్బ ఉంది. ఆ ఇసుకని పోగు చేసింది సుడేనని పింగ్రీ అనే శాస్త్రవేత్త 1978లో వివరించాడు.

తిరిగే నీరు ఇసుకని బయటికి విసిరెయ్యాలి గాని, పోగు చెయ్యటం ఏమిటి? ఇంట్లోనే చూడొచ్చు. గిన్నెలో నీళ్లు పొయ్యండి. చిటికెడు ఇసుక వెయ్యండి. వేలితో గిర్రున తిప్పి వదిలెయ్యండి. నీరు నెమ్మదించేసరికి ఇసుక గిన్నె నడుమ కుప్ప పడుతుంది. అడుగు నీరు గిన్నెకి రాసుకుని వేగం తగ్గుతుంది. మధ్యకి జారుతుంది. ఇసుకని కూడా ఈడ్చుకొస్తుంది.

మన విశాఖలో పోటు చిన్నది. అమావాస్యకి, పున్నానికి కూడా ఒకటిన్నర మీటరు లోపే. మన దగ్గర ఇసుకని ఎక్కువగా నడిపేది అలలు. వానాకాలంలో అలలు దక్షిణం నుంచి వస్తాయి. ఇసుకని భీమిలి వైపు తోస్తాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చాడు. మన వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ నెలలో తరుగుతుందో, ఏ నెలలో పెరుగుతుందో ఇక్కడివాళ్లతో కలిసి కొలిచాడు.

డాల్ఫిన్ ముక్కు దేవుడు పెట్టింది. మనుషులు పెట్టిన ముక్కులు కూడా ఉన్నాయి. 1933లో ఓడరేవు తెరిచారు. దాని మొగలోకి ఇసుక రాకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డం వేశారు. 1976లో బయటి హార్బరు వచ్చింది. పెద్ద పెద్ద రాతి గోడలు సముద్రంలోకి కట్టారు. గోడ నీడలో నీరు నెమ్మదిస్తుంది. ఇసుక అక్కడే దిగిపోతుంది. ఇంక రామకృష్ణా బీచికి రావలసిన ఇసుక ఎలా వస్తుంది? అందుకే ఆగిన ఇసుకని డ్రెడ్జరుతో తోడి, గొట్టాలతో బీచి వైపు పోస్తారు. పొయ్యకపోతే ఒడ్డు కోసుకుపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎంత ఒడ్డు పోయిందో చూసిన కళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒడ్డు పోతే వల ఆరేసే చోటు పోతుంది. పడవ లాగే చోటు పోతుంది.

ఇంకో మాట. కొండ వెనక సుడి మనిషిని కిందికి లాగే గుండం కాదు. వెడల్పుగా, నిదానంగా తిరుగుతుంది. మన బీచిలో పిల్లల్ని లాక్కుపోయేది వేరు. అలలు తెచ్చిన నీరు ఒక సందు చేసుకుని లోపలికి పోతుంది. ఆ సందులో అలలు విరగవు. నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అదే మోసం. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. ఈత రాని పిల్లల్ని మోకాలి లోతు కూడా దిగనివ్వకండి.

ఇప్పుడు మీ నోటు పుస్తకం తియ్యండి. బీచి రోడ్డు నుంచి ఇసుకలోకి దిగే మెట్లు ఉన్నాయి కదా. మీకు దగ్గరలో ఉన్నవి చూసుకోండి. ప్రతి పున్నానికి ఎన్ని మెట్లు బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. తేదీ వెయ్యండి. పక్కన అంకె వెయ్యండి. మెట్లు ఎక్కువ కనిపిస్తే ఇసుక తగ్గినట్టు. ఏడాదికి పన్నెండు అంకెలు. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళితే, ఒడ్డు ఎంత పోయిందని వాళ్లు మనల్ని అడగక్కర్లేదు, మనమే చూపిస్తాం.