నడుమ నిలిచిన చదువు



సికింద్రాబాదు దండునకు ఉత్తరమున యాప్రాల్ కలదు. ఒకప్పటి పల్లె, నేడు సైనికుల ఇండ్లతోను, కొత్త మేడలతోను నగరమున కలిసిపోయినది. అట్టి పేటలలోను, మీ గ్రామములలోను చదువు నడుమ నిలిచినవారు ప్రతి వీధిని కలరు: పెండ్లియై బడి మానిన యువతి, చిన్ననాడే కూలికి పోయినవాడు, పటాలమున చేరి పుస్తకము మరచినవాడు. ముప్పదవ యేట వీరికి చదువుపై మనసు పుట్టినచో, "ఇప్పుడెందుకు?" అని మనమే అడ్డు పలుకుదుము. ఆ మాటను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

సికింద్రాబాదులో ఛాయాచిత్రశాల నెలకొల్పిన రాజా దీనదయాళ్ పేరు మీరు వినియుందురు. ఘోషా స్త్రీలు పురుషుని కెమెరా యెదుటికి రారు. ఆయన వారిని నిందింపలేదు. తన పద్ధతినే మార్చుకొనెను. 1892లో హైదరాబాదున స్త్రీలకై వేరొక చిత్రశాల తెరచి, దానిని ఒక ఆంగ్లేయ వనిత కప్పగించెను.

చదువు విషయమున ఇట్టి పనినే శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ చేసినది. ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేటనే వివాహమైనది. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలల ననుభవించిన పిమ్మట ఆమె మరల పుస్తకము పట్టెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్ష నెగ్గి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టభద్రురాలయ్యెను. అప్పటికి ఆమె ముప్పది దాటినది.

తాను గట్టెక్కి ఊరకుండలేదు. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తనవలె ఆలస్యముగా చదువువారికి దారి చూపెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. బడి మానిన వయోజన స్త్రీలను రెండేండ్లలో పరీక్షకు సిద్ధపరచు సంక్షిప్త విద్యాక్రమమును ఆ మండలి 1958లో ఆరంభించెను. బాలలకు పెక్కేండ్లు పట్టునది పెద్దలకు రెండేండ్లలో ఎట్లు వచ్చునని సందేహింపకుడు. సంతలో బేరము, ఇంటి పద్దు, లోకవ్యవహారము వారెరిగినవే. ఆ యెరుకను అక్షరముతో ముడివేయుటయే గురువు పని.

ఆమె 1981లో దివంగతురాలయ్యెను. మరుసటి యేటనే, 1982లో, దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదున వెలసెను. డాక్టరు అంబేద్కరు పేర నడచుచున్న ఆ సంస్థలో, ఉద్యోగమును కాపురమును మానకయే చదువుకొనవచ్చును.

"చదువుకు కూర్చున్నచో ఇల్లు గడచుటెట్లు?" అందురు. న్యాయమైన ప్రశ్నయే. వారు కోరునది దినమంతయు కాదు. సాయంకాలమున రెండు గంటలు. కోడలు పుస్తకము పట్టినపుడు పసిబిడ్డను అత్తగారెత్తుకొన్నచో అది విద్యాదానమే. పాత బడినుండి వయసు పత్రము తెచ్చుకొనుటకు జంకు యువకునికి ఊరిపెద్ద తోడుపోయినచో, సగము భయము తీరును. ఇందుకు ధనము పనిలేదు. "ఇప్పుడెందుకు?" అనుటకు మారుగా, "ఏ దినము మొదలిడెదవు?" అని అడుగుడు.