దీపావళి ఫొటోలు - పొగతో పేచీ
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ ముందు సమావేశం గనుక ఆరోగ్యం మీద ఏమైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. బి.పి., షుగరు గురించి మాట్లాడడానికి మన సంఘంలో నాకన్నా అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. అందుచేత నాకు చేతనైన ఫొటోల సంగతే చెబుతానన్నాను. అయితే ఈ విషయం కూడా చివరికి ఊపిరితిత్తుల దగ్గరికే చేరుతుంది కనుక ఆయన మాటా దక్కుతుంది.

దీపావళి మర్నాడు పిల్లలు చూపించే ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. నల్లటి ఆకాశంలో విచ్చుకున్న పువ్వు ఉండవలసిన చోట బూడిదరంగు మబ్బు, మధ్యలో ఒక తెల్లటి మచ్చ. కెమెరా మంచిది కాదని సరిపెట్టుకుంటాం. కెమెరాకేం, బాగానే ఉంటుంది. అది పొగ చేసిన పని.

నల్లమందులో సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 అని పాత లెక్క. అది కాలినప్పుడు బరువులో సగానికి పైగా వాయువుగా మారదు. సన్నటి పొడిగా మిగిలిపోయి గాలిలో తేలుతుంది. మన కంటికి కనిపించే పొగ అదే. అది లేకుండా తారాజువ్వ పైకి లేవదు. కాబట్టి మనమే తప్పుకునే దారి చూసుకోవాలి.

మొదట గాలి. పండుగనాడు మందుగుండు ముట్టించడానికి అరగంట ముందు మేడ మీదికి ఒక అగరుబత్తి పట్టుకెళ్లండి. పొగ ఎటు వంగుతుందో చూడండి. గాలి మీ వీపు మీదుగా, కాస్త పక్కవాటుగా వీచేలా నిలబడాలి. గాలి పూర్తిగా వెనకనుంచే వస్తే పొగ మీ మీదికి రాదు గాని, పువ్వు వెనకే నిలిచి తర్వాతి వెలుగుకు తెల్లటి తెరలా మెరుస్తుంది. పక్కవాటు గాలి అయితే ఫొటోలోంచి పొగను ఊడ్చేస్తుంది. పైగాలి వేరుగా ఉండవచ్చు, అది మొదటి తారాజువ్వ వదిలిన పొగ చెబుతుంది.

మన విశాఖలో ఇంకొక చిక్కు ఉంది. పగలు సముద్రం మీదినుంచి ఊరి మీదికి వీచే గాలి, రాత్రి సాధారణంగా నేల మీదినుంచి సముద్రం వైపు తిరుగుతుంది. ఆ తిరిగే వేళ గాలి స్తంభించిపోతుంది. ఆకు కదలదు. అప్పుడు కాల్చిన పొగంతా వీధిలోనే కూర్చుంటుంది. బీచిలో ఫొటోలు తీసేవారికి రాత్రి గాలి మొదలయ్యాక సుఖం. పొగ దానంతటదే సముద్రం మీదికి పోతుంది.

రెండోది సమయం. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళినాడు రాత్రి ఎనిమిది నుండి పది వరకే కాల్చాలని చెప్పింది. ఉద్దేశం మంచిదే. కాని ఊరంతా ఒకేసారి అందుకుంటే తొమ్మిదయ్యేసరికి ఎదురిల్లు కనిపించదు. ఫొటోల మీద మక్కువ ఉన్నవారు మొదటి పావుగంటలో తీసుకోవలసినవి తీసేసుకోవాలి. మంచి సరుకు చివరికి దాచుకోవడం మన అలవాటు. ఫొటో కోసమైతే దాన్నే ముందు కాల్చండి.

ఇక కెమెరా. స్టాండు తప్పనిసరి. ఐ.ఎస్.ఓ. 100, అపెర్చరు 8 లేక 11, షట్టరు రెండు నుండి నాలుగు సెకన్లు. పూర్వం ఫిల్ము రోజుల్లో 'బి' మీద పెట్టి, లెన్సుకు నల్ల అట్టముక్క అడ్డుపెడుతూ తీస్తూ ఉండేవాళ్లం. సూత్రం ఇప్పటికీ అదే. ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా వినండి, పొగ గుట్టంతా ఇందులోనే ఉంది. నిప్పురవ్వ కదులుతుంది గనుక ఒక్కొక్క చోట క్షణకాలమే వెలుగు వేస్తుంది. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే గీత పొడుగవుతుంది గాని కాంతి పెరగదు. పొగ అలా కాదు, దాదాపు కదలకుండా ఉంటుంది. తెరిచిన ప్రతి సెకనూ దాని వెలుగు పోగవుతూనే ఉంటుంది. కాబట్టి పొగ చేరేకొద్దీ అపెర్చరు జోలికి పోకుండా షట్టరు నాలుగునుంచి రెండుకి, రెండునుంచి ఒకటికి తగ్గించండి. గీతలు పొట్టివైనా నలుపు నలుపుగా ఉంటుంది.

సెల్‌ఫోనువాళ్లు చేయవలసింది ఒక్కటే, ఫ్లాష్ ఆపేయడం. ఆకాశాన్ని అది ఎలాగూ అందుకోలేదు, ముక్కు ముందున్న పొగనే వెలిగిస్తుంది. కంప్యూటరులో పొగ తీసేస్తామంటారు మా అబ్బాయి వంటివారు. కొంత తీయవచ్చు. పొగ చాటున పడి అసలు నమోదే కాని రంగును ఏ కంప్యూటరూ తేలేదు.

మా ఇంటావిడకు చాలా ఏళ్లుగా ఉబ్బసం. ఇన్‌హేలరు కొంగున ముడివేసుకున్నంత పని. డాక్టరుగారు దీపావళినాడు తలుపులు వేసుకుని లోపల కూర్చోమన్నారు. ఆవిడకేమో మనవరాలు చిచ్చుబుడ్డి వెలిగిస్తుంటే చూడాలని. ఏటేటా ఇదే వాదన. కెమెరా ఎక్కడ పెడితే అద్దానికి పొగ తగలదో అక్కడే ఆవిడ కుర్చీ వేద్దామని నాకు తోచింది. వెళ్లి డాక్టరుగారినే అడిగాను. గాలి వెనకనుంచి ఉంటే, మాస్కు పెట్టుకుంటే, పావుగంటకు మించకుంటే సరేనన్నారు. గాలి ఆగితే లోపలికి రావాలని షరతు. ఇప్పుడు మా మేడ మీద స్టాండు పక్కన కుర్చీ, కుర్చీ పక్కన అగరుబత్తి. బత్తి పొగ నిటారుగా లేస్తే ఆవిడే లేచి కిందికి వెళ్లిపోతుంది, నేను చెప్పనక్కరలేదు. (నేను చెబితే వినేది కాదు, అది వేరే సంగతి.)

కాల్చే సరుకులోనూ తేడా ఉంది. 2016లో పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషనువారు ఆరు రకాలు కాల్చి పొగ కొలిచారు. అన్నిటికన్నా ఎక్కువ పొగ వదిలింది పాము బిళ్ల. అందులో వెలుగూ లేదు, రంగూ లేదు, ఫొటోకి పనికిరాదు. ఆ ఆరింటిలో తక్కువ పొగ చిచ్చుబుడ్డిది, ఫొటోకి అదే రాణి. అలాగని దాని పొగ పీల్చవచ్చని కాదు. పిల్లలచేత పాము బిళ్లలు మాత్రం మాన్పించండి. కావాలంటే నా పేరు చెప్పండి, వాళ్లకు నా మీదే కోపం ఉంటుంది.

చిచ్చుబుడ్డి ముందు పిల్లల ఫొటో తీసేటప్పుడు పొగ ఎటు పోతుందో ఆ వైపున ఎవరూ లేకుండా చూసుకుని, పిల్లలను పక్కగా నాలుగడుగుల అవతల నిలబెట్టండి. ఆ వెలుగు ముఖాల మీద పడితే చాలు, మరే దీపమూ అక్కర్లేదు.

నా దగ్గర పాత స్టాండు ఒకటి అదనంగా ఉంది. పండుగకు కావలసినవారు కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి. టీ అయ్యాక మేడ మీదికి వస్తే అగరుబత్తి వెలిగించి గాలి చూడడం ఎలాగో చూపిస్తాను. పెట్టె జేబులోనే ఉంది.