పాత స్పోర్ట్సు కారు మేను మరమ్మతు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

కార్యదర్శిగారు నన్ను ఈ సభలో మాటలాడుమని కోరినప్పుడు, పోతనను గూర్చియో తిక్కనను గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని మీలో పలువురు తలచియుందురు. కవులను గూర్చి చెప్పుటకు పండితులు విచ్చేసియున్నారు. నేను లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు పట్వారీ. 1984లో ఆ పద్ధతి రద్దయినను ఊరివారు నన్నును ఆ పేరుతోనే పిలుచుచున్నారు. గ్రామపు పద్దులతోపాటు, సూర్యాపేటలో హైదరాబాదు–విజయవాడ రాజబాట ప్రక్కనున్న ఒక లారీ బాడీల షెడ్డు పద్దులను గూడ వ్రాయుచున్నాను. ఆ షెడ్డులో నా కన్నులయెదుట జరిగిన ఒక మరమ్మతును, అందులో నా వలన జరిగిన తప్పును మీకు విన్నవించెదను.

కొన్నియేండ్ల క్రిందట మిర్యాలగూడ నుండి ఒక బియ్యపుమిల్లు యజమాని, తన తాతగారినాటి కారును లారీపై నెక్కించి తెచ్చెను. అది ఇంగ్లండులోని అబింగ్‌డన్ పట్టణమున తయారైన ఎం.జి. టి.డి. రకపు స్పోర్ట్సు కారు. 1953తో దాని తయారీ ముగిసెను. మొత్తము సుమారు 30,000 బండ్లు తయారుకాగా, అందధికభాగము అమెరికాకు పోయెను. కూర్చుండుటకు ఇద్దరికే చోటు. పైకప్పు గుడ్డది. తలుపుల బందులు వెనుకవైపున నుండుటచే అవి ముందునుండి తెరచుకొనును. మొదటిసారి చూచిన మా షెడ్డు కుఱ్ఱవాడు తలుపులు తిరుగవేసి బిగించిరని నవ్వెను.

పైకి చూచువారికి అది ఇనుపబండి. లోన చూచినచో మన యెడ్లబండికి దాయాది. అడుగున ఉక్కు చాసీ, దానిపై కొయ్యచట్రము, ఆ చట్రమునకు చుట్టిన పలుచని ఉక్కురేకు. ఆ కొయ్య యాష్ అను సీమచెట్టుది. తేలికయైనది, వంగి మరల నిలువగలది, మేకును స్క్రూను చక్కగా పట్టునది. పనిముట్ల పిడులకు, బండ్లకు ఇంగ్లీషువారు దీనినే వాడిరి. కాని తడి నిలిచినచో త్వరగా కుళ్ళును.

చాసీ యొకరిది, మేను మరియొకరిది యగుట మన ప్రాంతపు లారీ డ్రైవర్లకు క్రొత్త సంగతి కాదు. కంపెనీనుండి వట్టి చాసీ వచ్చును, విజయవాడ ఆటోనగరు వంటిచోట్ల దానిపై బాడీ కట్టుదురు. రాజుల కార్లును అట్టివే. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నున్న 1912 నాటి రోల్స్‌రాయిస్ కారు చాసీ ఆ కంపెనీవారిదే, మేను మాత్రము లండనులోని బార్కరు అను కోచి బండ్లవారు కట్టినది. అంబాసిడరు కారు వేరు జాతి. దానికి ప్రత్యేకముగా చాసీ లేదు. నేల, ప్రక్కలు, కప్పు అన్నియు కలిసి బరువు మోయును. అట్టి కట్టుబడిగల కారుకు కప్పు లేనిచో తలుపుల క్రింది దూలములే నడుము. వాటిని ఊతము లేక కోసినచో బండి నడిమికి క్రుంగును.

మిల్లువారి బండికి వత్తము. మిల్లు గోదాములో ఏండ్ల తరబడి నిలిచియుండుటచే, నేలమూలలలో ఊకయు తవుడును చేరి, తడిని పీల్చి పట్టియుంచెను. రేకు అంచు కొయ్యచుట్టు మడచిన చోట నీరు చేరినచో వెలికి రాదు. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎన్నోరెట్లు చోటు ఆక్రమించును గనుక ఆ మడతను లోపలినుండి విప్పును. బయట రంగు మిలమిలలాడుచునే యుండును. మేస్త్రీ ఎడమతలుపు క్రింది దూలమును స్క్రూడ్రైవరుతో పొడువగా అది పిడివరకు దిగెను.

ఇక తప్పు సంగతి. బండి విప్పుటకు ముందు నన్ను పిలిచి, “అన్ని రాసిపెట్టుండ్రి” అనిరి. నేను రేకు ఎంత, స్క్రూలెన్ని, కూలి యెంత అని శ్రద్ధగా వ్రాసితిని. స్తంభమునకు స్తంభమునకు నడుమ దూరమెంతయో వ్రాయలేదు. వ్రాయవలెనని తోచనుకూడ లేదు. మావాళ్ళు అడ్డుపట్టీలు బిగింపకయే కుళ్ళిన దూలమును లాగివేసిరి. దానిపై నిలిచిన తలుపుస్తంభము వెనుకకు ఒరిగెను. ఒరిగిన స్తంభమునకు సరిపడునట్లు క్రొత్తదూలమును చెక్కిరి. రేకు చుట్టి, పుట్టీ పూసి, రంగు వేసిన పిదప తలుపు మూయబోగా, పైన రెండు వ్రేళ్ళ సందు, క్రింద రేకును రేకు రాచుకొనుట. యజమాని ఏమియు అనలేదు. తలుపును మూడుమార్లు తీసి, మూడుమార్లు వేసి, ఊరకుండెను. తిట్టినచో నాకు సులభముగా నుండెడిది. ఆ బండిలోనే వాని తాత పెండ్లియూరేగింపు జరిగెనని తరువాత తెలిసినది.

కోదాడ దగ్గరి పల్లెనుండి బండ్లు చేయు వృద్ధుడగు వడ్రంగి నొకని పిలిపించితిమి. ఆయన కారును చుట్టివచ్చి నన్నడిగిన మాట యొక్కటే: “పట్వారి సాబ్, కూలి రాసిండ్రు, కొలత రాయలేదా?”

మరుదినము ఆయన పని చూచుటకే షెడ్డులో కూర్చుంటిని. ముందు బండిని చదునైన నేలపై నాలుగు దిమ్మెలమీద నిలిపి, చాసీ వంగలేదని రూఢి చేసికొనెను. చాసీపై మేను బిగించు బోల్టురంధ్రములు కుడియెడమల జతలుగా నుండును. ముందరి జతనుండి వెనుకజతకు కోణమునుండి కోణమునకు దారము పట్టి రెండు కర్ణములను కొలిచెను. అవి సమానమైనచో చట్రము మూలమట్టమున నున్నదన్నమాట. ఇంటి పునాది తీయునప్పుడు మీరందరు చేయునదియే. పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమును నేను ఎన్నియోమార్లు చదివితిని. కర్ణమునకును కరణమునకును అక్షరభేదము స్వల్పమే యైనను, ఆ కరణము వంశమువాడికి ఆ కర్ణము అవసరమైనప్పుడు గుర్తు రాలేదు!

పిదప నడిమిరేఖను దారముతో నిలిపి, చెడని కుడిప్రక్క స్తంభములనుండి గుండు వ్రేలాడవేసి, ఒక్కొక్క కొలతను ఎడమకు తెచ్చెను. ఆయన చెప్పుచుండగా నేను వ్రాసితిని. అడ్డుపట్టీలు బిగించిన తరువాతనే కొయ్యను ముట్టెను. యజమాని కొయ్య యంతయు మార్చుమనెను. ఆయన యొప్పుకొనలేదు. చెడినమేర తీసి, మంచికొయ్య కొసను ఏటవాలుగా, మందమునకు ఆరేడింతల పొడవున చెక్కి అతికెను. క్రొత్తముక్కకు టేకు వాడెను. టేకులో నూనె యుండుటచే జిగురు సరిగా పట్టదు గనుక అతుకుముఖములను తుడిచి, వెంటనే జిగురు పూసి, స్క్రూలుకూడ వేసెను.

రేకుపని మా మేస్త్రీది. ఈమారు చెడిన అంచును మాత్రము కోసి, క్రొత్తరేకును కొయ్యపై కాక విడిగా పెట్టి వెల్డింగు చేసెను. కొయ్యపైననే చేసినచో అది కాలును. పలుచని రేకు వేడికి ముడుచుకొనును గనుక, ఒక టాకా ఇచట, ఒక టాకా అచట వేసి, చల్లారనిచ్చి, మరల నడుమ వేసెను. పుట్టీ గోటిమందమునకు మించనీయలేదు. అడుగుమడతలో నీరు పోవుటకు రంధ్రములు విడిచెను. కొయ్యకును రేకునకును నడుమ రంగు రెండు పూతలు పూసెను. అది ఎవరికిని కనబడదు.

తలుపు సరిపడినది. చిన్న శబ్దముతో పడినది. యజమాని ఈసారి ఒక్కమారే వేసి, చేతిని తలుపుపైననే యుంచి నిలిచెను.

రెండవమారు పనికూలిని యజమాని పేర వ్రాయక, షెడ్డు యజమాని యనుమతితో షెడ్డు నష్టముక్రింద వ్రాసితిని. అందు కొంత నా జీతమునుండి పట్టుకొనుమంటిని. ఆయన నవ్వి పట్టుకొనెను.

వృద్ధుడు చెప్పిన కొలతలన్నియు, రెండు కర్ణములతోసహా, నలువది పుటల నోటుపుస్తకమున నున్నవి. శుభ్రప్రతి యొకటి వ్రాసి ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. గణితపుస్తకముల ప్రక్క నుంచవలెనని కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాను. బయటికి ఇచ్చునప్పుడు మాత్రము రిజిస్టరులో పేరు వ్రాసికొనవలెను.