వెల్లగోడలపై వెలుగు

పటములను చూపజాలని రేడియోలో చిత్రకారుని గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. అయినను నేడు మేము చెప్పదలచిన వాని విషయమున ఆ చిక్కు తక్కువ. అతడు ముఖ్యముగా చిత్రించినది ఎండను. ఎండ ఎట్లుండునో హైదరాబాదు వారికి వేరుగా వర్ణింపనక్కరలేదు.

ఈ నగరమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున మెదకులో 1924లో ప్రతిష్ఠితమైన చర్చిని శ్రోతలలో పలువురు చూచియుందురు. అందలి రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము కలవు. లోపలికి వచ్చు వెలుగు ఆ రంగులను పూసికొని వచ్చును. హాలెండు దేశపు చర్చిల కథ వేరు. 1566లో విగ్రహభంజకులు ఆ దేశపు చర్చిలలో చొరబడి ప్రతిమలను పగులగొట్టిరి, పటములను పాడుచేసిరి. 1578లో ఆమ్‌స్టర్‌డాం నగరము ప్రొటెస్టంటుల వశమయ్యెను. గోడలకు సున్నము కొట్టిరి. చర్చిలో చిత్రమునకు చోటు లేకపోయెను. అపుడు చిత్రకారులు ఏమి చేసిరి? చిత్రములు తొలగిన ఆ చర్చినే చిత్రముగా వ్రాసి, గృహస్థుల ఇండ్లకు అమ్మిరి!

మన మచిలీపట్నమున డచ్చివారు వర్తకము సాగించిన పదునేడవ శతాబ్దమే ఆ కాలము. హార్లెం నగరవాసి పీటర్ సాన్రెడాం (1597–1665) స్తంభములను కొలిచి, నమూనాలు గీసికొని, ఒక్కొక్కపుడు ఏండ్ల తరువాత రంగులు వేసెడివాడు. అతని చర్చిలు అతి నిర్మలములు. అందు దగ్గుటకైనను మనకు జంకు కలుగును. మాకు ఆప్తుడు ఎమాన్యుయెల్ ది విట్టె. డచ్చి భాషలో ఆ ఇంటిపేరునకు తెల్లనివాడని అర్థము. వెల్లగోడల చిత్రకారునికి ఎంత అమరిన పేరు!

అతడు 1617 ప్రాంతమున ఆల్క్‌మార్‌లో జన్మించెను. డెల్ఫ్ట్‌లో మొదట పురాణగాథలను చిత్రించి, 1650 ప్రాంతమున చర్చిల వైపు మరలెను; అచిరకాలముననే ఆమ్‌స్టర్‌డాం చేరెను. స్తంభముల వరుసను ఎదుట నిలిచి గాక ఓరగా చూచుట అతని అలవాటు. ఒక స్తంభము నీడలో నుండును, ప్రక్కది ఎండలో మెరయును. రాతినేలపై ఎండ పలకలు పలకలుగా పడును. ఆ ఎండలో ఒక కుక్క నిలిచియుండును. మన గుళ్లలో వలెనే అచటను కుక్కలను తరుముటకు జీతగాండ్రుండిరి. చిత్రకారుడు మాత్రము వానిని తరుమలేదు. ఒక మూల త్రవ్విన గోయి, పార కనబడును. శవములను చర్చి నేలలోనే పూడ్చు కాలమది. రెంబ్రాంటు భార్య సాస్కియాను 1642లో ఆమ్‌స్టర్‌డాం పాత చర్చిలో అట్లే ఖననము చేసిరి. వేరొక చిత్రమున ఉపదేశము సాగుచుండగా ఒక తల్లి బిడ్డకు పాలిచ్చుచుండును. కొన్ని పటములలో అతడు రెండు చర్చిల భాగములను కలిపి ఒక్క చర్చిగా కూర్చెను. కొలతలకన్న వెలుగే అతనికి ప్రధానము.

ఇంతటి శాంతిని చిత్రించినవాని ఇంట శాంతి లేదు. 1659లో అతని రెండవ భార్యయు, మొదటి భార్యకు పుట్టిన కుమార్తెయు పొరుగువారింట దొంగతనము చేసి పట్టుబడిరి. గర్భవతియైన భార్యకు నగర బహిష్కారము విధించిరి. ఆమె 1663లో మరణించెను. అతడు యోరిస్ డె వెయ్స్ అను నోటరీకి తన్ను తానే తాకట్టు పెట్టుకొనెను. ఏటికి 800 గిల్డర్లు, భోజనము, వసతి ఆ నోటరీ ఇచ్చును. వ్రాసిన పటములన్నియు అతనివే. ఒకప్పుడు తెలంగాణములో భగేలా అను ఋణదాస్యముండెడిది. ఇది కూలి కొంత మెరుగైన భగేలాయే. చిత్రకారుడు ఒడంబడికను త్రెంచుకొనెను; నోటరీ వ్యాజ్యము వేసెను; మరల దాస్యమే ప్రాప్తించెను. దుఃఖమువలననే అతని చిత్రములు గొప్పవైనవని కొందరందురు. మేమట్లనము. దుఃఖపడినవారందరును ఎండను ఇట్లు చూడలేదు.

1692లో అద్దె తగవు మీద విరక్తుడై అతడు కాలువలో ప్రాణము విడిచెనని జీవితచరిత్రకారుడు హౌబ్రాకెన్ వ్రాసెను. ఆ రాత్రి నీరు గడ్డకట్టుటచే పదునొకండు వారముల వరకు దేహము దొరకలేదట.

అంతకు 12 ఏండ్ల ముందు, 1680లో, అతడు వ్రాసిన పటమొకటి ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియములో నున్నది. అది 1675లో ఆ నగరమున వెలసిన పోర్చుగీసు యూదుల ప్రార్థనాలయపు చిత్రము. అదియు ప్రతిమలు లేని మందిరమే. ఎత్తైన స్తంభములు, వ్రేలాడు ఇత్తడి దీపగుచ్ఛములు, క్రింద జనము, ముందర మరల కుక్కలు. ఆ మందిరము నేటికిని నిలిచియున్నది. దాని ప్రధాన శాలలో ఇప్పటికిని విద్యుద్దీపములు లేవు. పగలు కిటికీల వెలుగు, రాత్రి వేయి క్రొవ్వొత్తులు.