2 వోల్టుల యంత్రం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు చేసే యంత్రాల గురించి పది నిమిషాలు చెప్పమన్నారు మన కార్యదర్శిగారు. హైదరాబాదు బాలానగర్‌లో నాకో చిన్న షెడ్డు ఉంది. అక్కడ నేను చేసేది చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక ఇనప డబ్బా, దాంట్లోంచి బయటికి వచ్చిన రెండు రాగి పట్టీలు. ప్లగ్గులో 230 వోల్టులు ఇస్తే పట్టీల దగ్గర వచ్చేది 2 వోల్టులే. రెండు టార్చి బ్యాటరీల పాటి కూడా కాదు, ముట్టుకున్నా షాకు కొట్టదు. కానీ కరెంటు 500 ఆంపియర్లు. పట్టీల మధ్య సన్నటి ఉక్కు ముక్క బిగిస్తే చూస్తుండగానే ఎర్రబడుతుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఇదే బడిలో తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు లావు రాగి తీగ, సన్న ఇనప తీగ ఒకదాని వెనక ఒకటి కలిపి, ఏది వేడెక్కుతుందో చెప్పమన్నారు. రాగిలో కరెంటు బాగా పోతుంది కదా అని నేను రాగి అన్నాను. ముట్టుకుని చూడమన్నారు. ఇనప తీగ వేలికి చురుక్కుమంది. కరెంటు రెండిట్లోనూ ఒకటే, అడ్డం ఎక్కడ ఎక్కువుంటే వేడి అక్కడ అని ఆయన అప్పుడే చెప్పారు. ముప్ఫయ్యేళ్ళు వచ్చాక ఆ మాట మర్చిపోయి ఒక మనిషికి అన్యాయం చేశాను. అది చెబుదామనే ఇవాళ నిలబడ్డాను.

సామిల్లులో బ్యాండు రంపం తెగితే కొసలు రెండూ కలిపి వెల్డింగు చేస్తారు. అతుకు తొందరగా చల్లారడం వల్ల అక్కడ ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. అందుకని అతుకుని మళ్ళీ మసక ఎరుపు వచ్చేదాకా వేడిచేసి నెమ్మదిగా చల్లారనివ్వాలి. అలా కాచడానికి చిన్న యంత్రం కావాలని ముషీరాబాద్‌లో ఒక సామిల్లు యజమాని అడిగారు. బల్ల కింద పట్టాలన్నారు. 30 చదరపు సెంటీమీటర్ల ఇనప కోరు మీద చుట్టుకి సుమారు 1 వోల్టు వస్తుంది. బయట 230 చుట్లు, లోపల లావు రాగివి రెండే చుట్లు. స్థలం మిగలాలని పట్టీల బోల్టు జాయింటుని డబ్బా అడుగుకి నెట్టేశాను. బిగించాక అది ఎవరికీ కనబడదు.

రెండు నెలలయ్యాక అతుకులు తెగడం మొదలైంది. ఒకసారి తిరుగుతున్న రంపం తెగి గోడకి కొట్టుకుంది. ఎవరికీ తగల్లేదు, అదృష్టం. రంపం మేస్త్రి నాతో స్పష్టంగా చెప్పాడు: "సార్, పొద్దున బాగానే ఉంటది. మధ్యాహ్నానికి ఎరుపెక్కట్లేదు." నేను వోల్టేజి చూశాను. పట్టీల మధ్య ఏమీ బిగించకుండా చూస్తే సరిగ్గా 2 వోల్టులు. మీ మేస్త్రి తొందరపడి స్విచ్చి వదిలేస్తున్నాడని యజమానితో అనేశాను. వారం తిరక్కుండా అతన్ని పనిలోంచి తీసేశారు.

కొత్త మేస్త్రి వచ్చాడు. అతుకులు తెగడం మాత్రం ఆగలేదు. అప్పుడు డబ్బా విప్పాను. ట్రాన్స్‌ఫార్మరుని వార్నిషులో ముంచినప్పుడు రాగి పట్టీ మీదికీ పొర పాకింది. ఒక వైపే గీకి, రెండో వైపు అలాగే బోల్టు బిగించేశాను. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో లాగేది. వేడెక్కిన కొద్దీ రాగి నల్లబడి జాయింటు ఇంకా చెడేది.

లెక్క చూడండి పిల్లలూ. రంపం ముక్క, కేబుళ్ళు అన్నీ కలిపి అడ్డం 4 మిల్లీ ఓములు. 2 వోల్టులకి 500 ఆంపియర్లు, 1000 వాట్లు. చెడ్డ జాయింటు ఇంకో 1 మిల్లీ ఓము కలిపితే కరెంటు 400కి పడుతుంది. రంపం వైపు 640 వాట్లే మిగులుతాయి, 160 వాట్లు ఆ బోల్టు దగ్గర కాలిపోతాయి. 1 మిల్లీ ఓముని మామూలు మీటరు పట్టుకోలేదు. యంత్రం నడుస్తుండగా జాయింటుకి అటూ ఇటూ మిల్లీవోల్టులు చూడాలి. ఆ రోజు చూస్తే 400 ఉంది. గీకి, స్ప్రింగ్ వాషరు వేసి బిగించాక 15కి దిగింది.

ఇప్పుడు ఇన్వర్టరు పద్ధతి వచ్చింది, ఇంత ఇనుము మోయడం ఎందుకని అడుగుతారు. నిజమే. 20 కిలోహెర్ట్జ్‌లో అదే 1 వోల్టుకి అర చదరపు సెంటీమీటరు పైచిలుకు ఫెర్రైటు కోరు చాలు. కానీ కేబుళ్ళు కాస్త ఎడంగా మీటరు దూరం పోతే వాటి ఇండక్టెన్సు సుమారు 1 మైక్రో హెన్రీ ఉంటుంది. 50 హెర్ట్జ్‌లో 500 ఆంపియర్లకి అది తినేది 0.16 వోల్టు. 20 కిలోహెర్ట్జ్‌లో 63 వోల్టులు! మనకున్నవి రెండు. అందుకే ట్రాన్స్‌ఫార్మరుని తెచ్చి సరిగ్గా రంపం పక్కనే పెట్టాలి. పైగా కరెంటు రాగి పైపొరలో అర మిల్లీమీటరు లోపే పోతుంది, లావు కడ్డీ దండగ. డబ్బా చిన్నదైతే తలనొప్పి తగ్గుతుందని నేనైతే అనను.

యజమాని దగ్గరికెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన తిట్టారు, తిట్టాలి కూడా. పాత మేస్త్రిని వెతికేసరికి మూడు వారాలు పట్టింది. వేరే మిల్లులో తక్కువ కూలికి చేస్తున్నాడు. జేబులోంచి ఆ రాగి పట్టీ తీసి చూపించాను. నల్లబడిన చోట గోటితో గీకి, "దీనికా సార్?" అన్నాడు. మళ్ళీ పాత చోటికి రమ్మని యజమాని కబురు పంపారు గానీ అతను వెళ్ళలేదు.

అప్పటినుంచి నా ప్రతి యంత్రం మూత లోపలి వైపు, నడుస్తుండగా ఒక్కో జాయింటు దగ్గర చూసిన మిల్లీవోల్టులు రాసిన కార్డు అంటిస్తాను. అడుగున దాచిన జాయింటు మళ్ళీ చేయలేదు.

ఆ రాగి పట్టీని మన సైన్సు ల్యాబుకిద్దామని ఇవాళ తెచ్చాను. దాంతోపాటు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరూ, మీటరూ ఉన్నాయి. సభ అయ్యాక నడిపి చూపిస్తాను. దగ్గరికొచ్చే వాళ్ళు ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి రండి. షాకు కొట్టకపోయినా రెండు పట్టీల మధ్య ఉంగరం ఆనితే వేలి మీదే ఎర్రబడుతుంది.